అన్నదమ్ములు కలిసి పాడే గ్రూపు ఎన్నేండ్లు నిలబడతది? బీ జీస్ గురించి తెలిసినోళ్లు జర చెప్పుండ్రి

ఓరుగల్లు పెద్దక్క

అందరికి నమస్తే. మాది హన్మకొండ. మేం ముగ్గురం, నేను పెద్దదాన్ని, నా ఎనుక ఇద్దరు తమ్ముళ్లు. చిన్నగున్నప్పటి సంది కలిసే పాడుతున్నం, ముందుగాల మా వాడకట్టు వినాయకుని మండపం కాడ, సద్దుల బతుకమ్మకు పద్మాక్షి గుట్ట కాడ మైకుంటే మైకుల లేకుంటే ఉత్త గొంతుతోని, ఇప్పుడైతే పెండ్లిళ్ల సంగీత్‌లు, కాలేజీ ఫెస్టులు, అప్పుడప్పుడు కరీంనగర్ మంచిర్యాల దాంక పోతం. బాపు డోలక్ కొడతడు. ఇన్నొద్దులు ఎవరు లీడ్ ఎవరు కోరస్ అన్న లొల్లి లేకుండె, చిన్నోడు పైన పాడతడు, నడిపోడు కింద పట్టుకుంటడు, నేను నడుమ.

పోయిన నెల ఒక ఆర్కెస్ట్రా ఆయన మా ప్రోగ్రాం చూసి చిన్నోన్ని పక్కకు పిలిచి "నువ్వొక్కనివి రా, ముగ్గురికి పైసలియ్యాలంటే నాకు గిట్టుబాటు కాదు, ఎట్లయినా జనం చూసేది నిన్నే" అన్నడట. వాడు ఇంటికొచ్చి అంత చెప్పిండు, దాపెట్టలే, అది వాని మంచితనమే. కని అప్పటి సంది నడిపోడు వానితోని మాట్లాడుతలేడు. అన్నం తినేటప్పుడు చిన్నోడు నోరు తెరిస్తే చాలు రిమోట్ తీస్కొని టీవీ సౌండ్ పెంచుతడు. బాపు ఏమనడు, ప్లేట్ల చూసుకుంట తింటడు.

మా కాలేజీల చెప్పిన సార్ ఒకాయన "బీ జీస్ అని ముగ్గురు అన్నదమ్ములు ఉండిరి, వాళ్ల కథ సదువు నీకు అర్థమైతది" అన్నడు. యూట్యూబ్‌ల కొడితే తెల్ల బట్టలు, గడ్డాలు, ఆడపిల్లల లెక్క సన్న గొంతు, అంతకు మించి నాకేం తెలువలే. వాళ్లు ఎట్ల మొదలువెట్టిన్రు, ఎన్నేండ్లు పాడిన్రు, నడుమ కొట్లాడుకున్నరా, కొట్లాడుకుంటే మల్ల ఎట్ల కలిసిన్రు? ఇంకోటి, చిన్నోన్ని పోనియ్యాల్నా వద్దా? పెద్దోళ్లు ఎవరైనా ఉంటే చెప్పుండ్రి.

కాజీపేట క్యాసెట్టు

బిడ్డా, మీ సార్ సరైన పేరే చెప్పిండు. నేను కాజీపేట రైల్వే క్వార్టర్ల పెరిగినోన్ని, మా పక్కింటాయన గార్డు, డ్యూటీ మీద సికింద్రాబాద్ పోయొచ్చినప్పుడల్లా ఇంగ్లీష్ క్యాసెట్లు తెస్తుండె. ఒక క్యాసెట్ టేపు మా డెక్కుల చుట్టుకుంటే పెన్సిల్ వెట్టి తిప్పుకుంట తిప్పుకుంట ఆ పేర్లన్ని బట్టీ వట్టిన. జర లంబ చెప్త, ఓపికుంటే సదువు.

ముగ్గురు బ్యారీ, రాబిన్, మారిస్. బ్యారీ పెద్దోడు 1946ల పుట్టిండు, తక్కిన ఇద్దరు 1949ల కవలలు. పుట్టింది ఐల్ ఆఫ్ మ్యాన్ అనే చిన్న దీవిల, పెరిగింది మాంచెస్టర్ల. ఇగ నువ్వు ఇది చూడు, వాళ్ల నాయిన కూడ డ్రమ్స్ కొట్టేటోడే, మీ బాపు లెక్కనే. మాంచెస్టర్ల ఒక సినిమా టాకీసుల పిల్లలు రికార్డు పెట్టి పెదాలు కదిపే ప్రోగ్రాం ఉంటుండె. వీళ్లు పోంగ పోంగ తొవ్వల రికార్డు చేతిలకెల్లి జారి పగిలింది. వట్టి చేతులతోని పోయి ఏం జేస్తరు, నిజంగ పాడిన్రు. అంతే, అక్కడ వట్టింది పిచ్చి.

1958ల ఇల్లు ఎత్తేసి ఆస్ట్రేలియా పోయిన్రు, రెడ్‌క్లిఫ్ అనే ఊరికి. అక్కడ కార్ల రేసులు నడుస్తుంటే రేసుకు రేసుకు నడుమ వీళ్లు పాడేది, జనం ట్రాకు మీదికి చిల్లర పైసలు ఇసిరేది, పోరగాండ్లు ఉరికి ఏరుకునేది. ఆ రేసులు నడిపించే ఆయన పేరు బిల్ గుడ్, ఆయన తోల్కొచ్చిన రేడియో ఆయన పేరు బిల్ గేట్స్ (మన కంప్యూటర్ ఆయన కాదు), పెద్దోడు బ్యారీ గిబ్. అందరివి బీ, జీ అక్షరాలే, గట్ల బీ జీస్ అయింది. చానమంది బ్రదర్స్ గిబ్ అనుకుంటరు, ముందు అది కాదు.

1967 మొదట్ల ఓడెక్కి మల్ల ఇంగ్లండ్ వచ్చిన్రు. స్టిగ్‌వుడ్ అనే మేనేజర్ దొరికిండు. అదే ఏడు అమెరికాల మసాచుసెట్స్ అనే రాష్ట్రం మీద పాట రాస్తే బ్రిటన్‌ల నంబర్ వన్, అప్పటికి ఆడికి ముగ్గుట్ల ఒక్కడు కూడ పోలే. ఆ టైంల లీడ్ ఇద్దరు పంచుకునేది, బ్యారీది మెత్తటి గొంతు, రాబిన్‌ది వణికే గొంతు. రాబిన్ పాడేటప్పుడు ఒక చెయ్యి చెవికి అడ్డం పెట్టుకునేటోడు, మనదిక్కు కథ చెప్పేటోళ్లు రాగం తీసేటప్పుడు పెట్టుకుంటరు సూడు అట్లనే. నడుమల మారిస్, బేస్ గిటారు, కీబోర్డు, ఏది దొరికితే అది వాయించుకుంట మూడో గొంతు కలిపేది. నీ నడిపోడే అనుకో.

లొల్లి అడిగినవ్ గదా, అది 1969ల. ఒడెస్సా అని రెండు రికార్డుల పెద్ద ఆల్బం తీసిన్రు, ఎర్ర ముఖమల్ గుడ్డ తొడిగిన అట్ట. అండ్ల నుంచి ఏ పాటను సింగిల్‌గ, అంటే ఇడిగ చిన్న రికార్డుగ, ఇడవాలె అన్న కాడ వచ్చింది పంచాయితి. రాబిన్ పాడిన పాట రికార్డు ఎనుక దిక్కుకు పోయింది, బ్యారీ పాడింది ముంగటికి వచ్చింది. గంతే. ఆ ఒక్క పాటకు రాబిన్ గ్రూపు ఇడిసి పోయిండు. సొంతంగ పాడితే మొదటి సింగిలే బ్రిటన్‌ల రెండో నంబర్ దాంక పోయింది, అంటే ఫెయిలయ్యి ఒంగుకుంట రాలే. ఇక్కడ మిగిలిన ఇద్దరు కూడ ఆ ఏడాది ఆఖరుకు ఇడిపోయిన్రు. మధ్యల ఒక ప్రోగ్రాంల రాబిన్ జాగల ఎవరు పాడిన్రు తెలుసా, వాళ్ల అక్క లెస్లీ! అవును వాళ్లకు కూడ ఒక పెద్దక్క ఉంది, ఎవరు యాది చేయరు.

1970ల మల్ల కలిసిన్రు, ఏడాది తిరగంగనే 1971ల అమెరికాల మొదటి నంబర్ వన్. ఇగ బాగుంది అనుకునేలోపు కిందికి. 1974 వరకు ఇంగ్లండ్‌ల క్లబ్బులల్ల జనం అన్నం తినుకుంట మాట్లాడుకుంటుంటే పాడే కాడికి వచ్చింది కథ. మీకు పెండ్లిళ్లల్ల తెలుస్తది గదా ఆ బాధ, బిర్యాని లైన్ మొదలైతే గాయకుడు దేవుడైనా ఎవడు ఇనడు.

నైట్ డ్యూటీ నర్సమ్మ

పెద్దాయన కథ ఆపిండు కాబట్టి నడుమల నాదొక ముచ్చట. నాకు బీ జీస్ అంటే పాటల వల్ల తెలువదు, ట్రైనింగ్ల తెలిసింది. గుండె ఆగినోళ్లకు ఛాతీ మీద ఒత్తుడు నిమిషానికి 100 నుంచి 120 సార్లు ఉండాలె. మాకు నేర్పించిన మేడం రబ్బరు బొమ్మ మీద చేయించుకుంట ఫోన్ల ఒక పాట పెట్టింది, స్టేయిన్ అలైవ్ అని. దాని తాళం నిమిషానికి 103 కొడతది, ఆ దెబ్బకు దెబ్బ ఒత్తితే సరిగ్గ సరిపోతది. పాట పేరుకే "బతికే ఉన్న" అని అర్థం. ముందు నేను మస్తు స్పీడ్ కొట్టిన, రెండు నిమిషాలకే చేతులు జారినయ్, పాట పెట్టినంక కుదురుకున్నయ్. ఇప్పటికి డ్యూటీల ఎవరికన్న చెయ్యాల్సొస్తే మనసుల అదే నడుస్తది. ఆ పాడింది అన్నదమ్ములని మాత్రం ఇయ్యాలనే తెలిసింది.

కాజీపేట క్యాసెట్టు

నర్సమ్మా, సరిగ్గ జాగకే తెచ్చినవ్. ఆ పాట తాళం అంత కుదురుగ ఎందుకుంటదో చెప్త, దానికంటె ముందు మయామి సంగతి.

1975ల మేనేజర్ మాట విని, ఎరిక్ క్లాప్టన్ అనే పేరున్న గిటారు ఆయన కూడ చెప్పంగ, అమెరికాల మయామి పోయి రికార్డింగ్ వెట్టుకున్నరు. క్లాప్టన్ ఉన్న ఇంట్లనే దిగిన్రు. రోజు స్టూడియోకు పోయే తొవ్వల సముద్రం మీద పొడుగు వంతెన, కారు దాని అతుకుల మీదికెల్లి పోతుంటే టక టక టక అని సప్పుడు. ఆ సప్పుడు మీదనే పాట కట్టిన్రు. మన ఫాతిమా నగర్ బ్రిడ్జి ఎక్కేటప్పుడు నాకు ఎన్నిసార్లు యాదికొచ్చిందో. ఆ పాటను రేడియో వాళ్లకు పంపేటప్పుడు పేరు లేకుంట తెల్ల లేబుల్ మీద పంపిన్రు, ఎందుకంటే బీ జీస్ అని రాస్తే "పాతోళ్లు, పనైపోయినోళ్లు" అని ఇననే ఇనరు. పేరు తెలువక విన్నరు, నచ్చింది, అమెరికాల నంబర్ వన్. సన్న గొంతు కూడ గక్కడనే బయటపడింది, ప్రొడ్యూసర్ ఆరిఫ్ మార్డిన్ ఒక పాట ఆఖర్ల "శ్రుతి తప్పకుండ అరువు" అంటే బ్యారీ అరిచిండు, ఆ గొంతు తన దగ్గర ఉందని తనకే తెలువదు. అప్పటికి వయసు 28.

1977 మొదట్ల ఫ్రాన్స్‌ల ఒక పాత కోటల రికార్డింగ్ చేస్తుంటే డ్రమ్మర్‌కు ఇంటి కాడికెల్లి కష్టం వార్త వచ్చింది, పోయిండు. పని ఆగొద్దని ఇంకో పాటల అతను కొట్టిన రెండు వరుసల టేపు ముక్క కోసి, రెండు మొనలు అతికించి, గుండ్రంగ తిరిగెటట్టు చేసి దాన్నే పొద్దుమాపు తిప్పిన్రు. స్టేయిన్ అలైవ్‌ల ఇనపడేది ఆ ముక్కనే, అందుకే దెబ్బ ఒక్క ఇసుమంత కూడ అటిటు కాదు. ఆ డ్రమ్ములకు ఆల్బం మీద ఒక ఉత్తుత్తి పేరు రాసిన్రు.

ఈ పాట ఉన్న సాటర్డే నైట్ ఫీవర్ అనే సినిమా పాటల ఆల్బం 1978ల అమెరికాల 24 వారాలు నంబర్ వన్. 1977 నుంచి 1979 దాంక వరుసగ ఆరు పాటలు నంబర్ వన్. అండ్ల ఒక పాట రాసినందుకు వచ్చే రాబడి యునిసెఫ్‌కు ఇచ్చిన్రు. ఇంత చేసినంక జనానికి మొకం మొత్తింది. 1979 జూలై 12న షికాగోల ఒక బేస్‌బాల్ గ్రౌండ్ల డిస్కో రికార్డులు (గీ డాన్సు పాటలను గట్లనే అంటరు) కుప్ప వోసి పేల్చేసిన్రు. కొన్ని రేడియోలల్ల శని ఆదివారాలు బీ జీస్ పాటలు బంద్ అని గొప్పగ చెప్పుకున్నరు.

నాకు మాత్రం ఇక్కడనే వీళ్లు నచ్చుతరు. మొకం మీద తలుపేస్తే ఎనుక దర్వాజకెల్లి వచ్చిన్రు. వాళ్లు పాడితే ఇనం అన్న జనమే, వాళ్లు రాసిన పాట ఇంకొకరు పాడితే ఎగవడి కొన్నరు. 1980ల బార్బ్రా స్ట్రైసాండ్‌కు, 1982ల డియాన్ వార్విక్‌కు, 1983ల కెన్నీ రోజర్స్, డాలీ పార్టన్‌కు రాసిచ్చిన్రు, అన్ని పెద్ద హిట్లే. మల్ల 1987ల సొంతంగ పాడి బ్రిటన్‌ల నంబర్ వన్ కొట్టిన్రు.

ఇంకో ముచ్చట, చిన్నోని గురించి అడిగినవ్ కాబట్టి. వాళ్లకు నాలుగో తమ్ముడు ఆండీ, గ్రూపుల లేడు, ఒక్కడే పాడిండు. అమెరికాల మొదటి మూడు సింగిల్స్ మూడు నంబర్ వన్. 1988 మార్చిల, 30 నిండిన అయిదు రోజులకే పోయిండు. గ్రూపుల కలుపుకుందాం అనుకుంటుండంగనే. మారిస్ 2003ల 53 ఏండ్లకు, రాబిన్ 2012ల 62కు. ఇగ బ్యారీ ఒక్కడే. నీకు భయం వెట్టనీకె రాస్తలేను బిడ్డా, అడిగినవ్ కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పిన.

పరకాల పటేల్

కాక, కథ బాగుంది కని ఒక్క మాట. మనకు గీ గ్రూపులు గిట్ల నడవయ్. మనకాడ పాట అంటే సినిమా పాట, సినిమా వాళ్లకు ఒక్క గొంతు కావాలె. లతా, ఆశా సొంత అక్కచెల్లెండ్లు, కలిసి పాడినయ్ తక్కువనే, ఎవరి దారి వాళ్లది, ఇద్దరు బతికిన్రు. చిన్నోన్ని పోనియ్యక్కా. అవకాశం మల్లమల్ల రాదు.

సంగీతం టీచర్, సుబేదారి

సినిమాకు మీరన్నది నిజమే కానీ, మన దగ్గర జంటగా పాడే సంప్రదాయం లేకపోలేదు కదండీ. కచేరీల్లో హైదరాబాద్ బ్రదర్స్, హైదరాబాద్ సిస్టర్స్, ప్రియా సిస్టర్స్ వీళ్లంతా ఎవరు? కాకపోతే అక్కడ ఇద్దరూ ఒకే స్వరం పాడతారు, ఒకరు రాగం అందుకుంటే ఇంకొకరు దాన్ని కొనసాగిస్తారు. బీ జీస్ లాంటి వాళ్లు ఒకే మాటను మూడు వేర్వేరు స్వరాల్లో ఒకేసారి పాడతారు, అదీ తేడా.

పెద్దక్కగారూ, మీకు నేను చెప్పదలచింది ఇది. తోబుట్టువుల గొంతులు కలిసినట్టు బయటివాళ్లవి అంత సులువుగా కలవవు. నోరు, ముక్కు, గొంతు కట్టుబడి దగ్గరగా ఉంటుంది, అంతకంటే పెద్ద కారణం ఒకే ఇంట్లో మాట నేర్చుకోవడం. "అ" అన్నప్పుడు నోరు ఎంత తెరుస్తారో, మాట చివర ఎక్కడ ఊపిరి వదుల్తారో ముగ్గురికీ ఒకటే అలవాటు. అచ్చులు ఒకేలా పలికితే మూడు గొంతులు అతుక్కుని నాలుగోది ఎవరో పాడుతున్నట్టు వినిపిస్తుంది. మా పిల్లలకి ఇది నేర్పడానికి నాకు ఏడాది పడుతుంది, మీకు ఊరికే వచ్చింది. ఆ ఆర్కెస్ట్రా ఆయన "చూసేది నిన్నే" అన్నాడు, చూడటం సంగతేమో కానీ వినేది మాత్రం ఒక్కడిని కాదు.

ఒక పని చేయండి. పెళ్లి స్టేజీ మీద ముగ్గురికి మూడు మైకులు పెట్టి, సౌండ్ అతను చిన్నబాబు మైకే పెంచుతుంటాడు, అవునా? ఇంట్లో ఒక్క ఫోన్ రికార్డర్ బల్ల మీద పెట్టి ముగ్గురూ దాని చుట్టూ నిలబడి పాడండి. పెద్ద గొంతు ఉన్నవాళ్లు ఒక అడుగు వెనక్కి. బీ జీస్ కూడా తలలు దగ్గరపెట్టి ఒకే మైకు దగ్గర పాడిన వీడియోలు ఉన్నాయి, చూడండి. తర్వాత రెండో తమ్ముడిని తీసేసి అదే పాట మళ్లీ రికార్డు చేయండి. రెండూ చిన్నబాబుకి వినిపించండి, మీరేమీ మాట్లాడకండి.

కొట్లాట దాచుకుంటే ఏమవుతుందో కూడా చూడాలంటే ఎవర్లీ బ్రదర్స్ ఉన్నారు, అమెరికా వాళ్లు, ఇద్దరే. 1973లో స్టేజీ మీద జనం ముందే ఒకాయన గిటారు విరగ్గొట్టి వెళ్లిపోయాడు. మళ్లీ కలిసి పాడింది 1983లో, లండన్‌లో. పదేళ్లు! మీ వాడు టీవీ సౌండే కదా పెంచుతున్నాడు, నయం.

కాగితం మీద రాసుకో

టీచరమ్మ చెప్పింది గొంతుల లెక్క, నేను పైసల లెక్క చెప్త, మా ఇంట్ల కూడ టెంట్ హౌస్ పంచుకునే కాడ తమ్మునికి నాకు రెండేండ్లు మాటల్లేవు కాబట్టి నాకు తెలుసు.

జాక్సన్ ఫైవ్ ఇనే ఉంటరు, మైకేల్ జాక్సన్ చిన్నప్పుడు అన్నలతోని పాడిన గ్రూపు. గ్యారీ అనే ఉక్కు ఫ్యాక్టరీల ఊరు వాళ్లది, నాయిన కూడ ఫ్యాక్టరీల పని చేసేటోడు. మోటౌన్ అనే రికార్డుల కంపెనీల మొదటి నాలుగు సింగిల్స్ నాలుగు నంబర్ వన్. 1975ల ఆ కంపెనీ ఇడిసిపెట్టి వేరే కంపెనీకి పోదాం అంటే తెలిసింది ఏందంటే పేరు వాళ్లది కాదు, కంపెనీది! ఇంటి పేరు, అన్నదమ్ములు వాళ్లే, పేరు మాత్రం కంపెనీది. ది జాక్సన్స్ అని మార్చుకొని పోయిన్రు. ఒక అన్న జెర్మైన్ కంపెనీ ఓనర్ బిడ్డను చేసుకున్నడు, అతను అత్తగారింటి దిక్కే ఉండిపోయిండు, అతని జాగల ఆఖరి తమ్ముడు ర్యాండీ వచ్చిండు. పండుగకు ఇంటికాడ ఎట్ల కూసున్నరో దేవునికెరుక.

కాబట్టి అక్కా, చిన్నోడు పోతడా ఉంటడా అది తర్వాత ముచ్చట. ముందు ఒక కాగితం తీస్కో. గ్రూపు పేరు ఎవరిది, ఒక్కడు బయట పాడుకుంటే గ్రూపు ప్రోగ్రాం ఉన్న రోజు ఏది ముందు, పైసలు ఎట్ల పంచాలె, ఇస్పీకర్లు ఎవరివి. ఆ ఆర్కెస్ట్రా ఆయన ఏదన్న కాగితం మీద సంతకం అడిగితే ఇంటికి తెచ్చి సదివినంకనే. బయట పాడొద్దు అని అండ్ల ఒక్క లైను ఉన్నా మీ ముగ్గురి పాట ఆడికే బంద్.

కాజీపేట క్యాసెట్టు

ఇది కరెక్ట్. పటేలా, నువ్వు చెప్పింది కూడ తీసిపారేస్తలేను. రాబిన్ పోయిండు, పాడిండు, వచ్చిండు, తలుపు తెరిచే ఉంది. పోవుడు తప్పు కాదు, మారిస్‌ను ఎవరు అడగకపోవుడు తప్పు. ముగ్గుట్ల ఎప్పుడు చూసిన ఎనుక నిలబడ్డోడు ఆయననే, బ్యారీకి రాబిన్‌కు నడుమ మాటలు మోసింది ఆయననే. ఆయన పోయినంక తక్కిన ఇద్దరు ఆ పేరు మీద పాడుడు కొన్నేండ్లు బంద్ చేసిన్రు. బిడ్డా, నడిపోన్ని ఎవరన్న అడిగిన్రా, వానికి ఏం కావాల్నో?

ఓరుగల్లు పెద్దక్క

అందరికి చాన థ్యాంక్స్, ముఖ్యంగ కాజీపేట కాకకు, రెండుసార్లు సదివిన. నిజం చెప్పాలంటే నడిపోన్ని ఎవరం అడగలే. నేను కూడ అడగలే.

నిన్న ఆదివారం కరెంటు పోయింది, టీవీ లేదు. టీచర్‌గారు చెప్పినట్టు డాబా మీద నీళ్ల ట్యాంకు పక్కన స్టూలు ఏసి ఫోన్ పెట్టిన. నడిపోడు ముందు రానన్నడు, బాపు డోలక్ తెచ్చి మెట్ల మీద కూసునే సరికి ఎక్కి వచ్చిండు. ముగ్గురం పాడినం. తర్వాత వాన్ని వద్దని ఇద్దరమే పాడినం, ఇంటుంటే అన్నంల ఉప్పెయ్యనట్టుంది. చిన్నోడు రెండోది సగంలనే ఆపేసిండు. ఏమనలే, ఫోన్ నడిపోని చేతికిచ్చిండు.

నడిపోన్ని అడిగిన, ఏం కావాల్రా అని. "ప్రతి ప్రోగ్రాంల ఒక్క పాట నేను లీడ్ పాడత, వీడు కింద పట్టుకోవాలె" అన్నడు. చిన్నోనికి కిందికి పోతే గొంతు అందదు, ఇయ్యాల పొద్దుగాల్నుంచి బాత్రూంల అదే సాధన చేస్తున్నడు, పక్కింటోళ్లు ఎవరికి బాగలేదని అడిగిపోయిన్రు. ఆర్కెస్ట్రాకు నెలకు రెండు ప్రోగ్రాంలు పోతడు, మా తారీఖులు లేనప్పుడు, సంతకాలు ఏం లేవు.

కాగితం కూడ రాసినం. మూడు వాటాలు అని రాసేసరికి బాపు కండ్లద్దాలు పెట్టుకొని మొత్తం సదివి, డోలక్ వాటా ఏది అని అడుగుతున్నడు. బీ జీస్ నాయినకు ఎంత ఇచ్చేటోళ్లో ఎవరికన్న తెలుసా?